పెద్ద సిస్టరు వదిలిన సీటు

మా పెట్టెలో ఎవరికీ పేర్లుండవు. ఎక్కే స్టేషనే పేరు. నేను పొందూరులో ఎక్కుతాను కాబట్టి పొందూరు పిల్లని. చీపురుపల్లిలో ఎక్కే కోర్టు టైపిస్టు చీపురుపల్లి. ఆ తర్వాతి స్టేషన్లో ఎక్కే లెక్కల టీచరు గరివిడి. ఒకసారి టైపిస్టు సెలవు పెట్టిన రోజున ఎవరో "ఇవాళ సీపురుపల్లి రానేదేటి?" అన్నారు. ఎదురుగా కూర్చున్న కొత్త ముసలావిడ ఆ మాట విని గాభరాపడి కిటికీలోంచి వెనక్కి చూసింది. పాపం, ఆవిడ దిగాల్సింది అక్కడే.

ఇదంతా పొద్దున్నే పలాస వైపు నుంచి విశాఖపట్నం వెళ్ళే మెము రైల్లో, ఆడవాళ్ళ పెట్టెలో జరుగుతుంది. మా అమ్మ దీన్ని ఇంజను లేని రైలు అంటుంది. రెండు చివర్లా డ్రైవరు గది ఉంటుంది, పైన తీగలోంచి కరెంటు తీసుకుంటుంది, విశాఖపట్నంలో తిరగకుండానే సాయంత్రం వెనక్కి బయల్దేరుతుంది. నేను అక్కడ ఒక కంటి ఆసుపత్రిలో రికార్డుల గదిలో పని చేస్తాను. రోగుల ఫైళ్ళు వెతికి తీసి, సాయంత్రం మళ్ళీ ఎక్కడివక్కడ పెట్టడం నా ఉద్యోగం. ఎవరితోనూ మాట్లాడక్కర్లేని ఉద్యోగమని తెలిసే చేరాను. కానీ ఆ గదికి చేరాలంటే రోజూ పోను రెండు గంటలు, రాను రెండు గంటలు, రాష్ట్రంలోకెల్లా ఎక్కువగా మాట్లాడే ఆడవాళ్ళ మధ్య ప్రయాణం చెయ్యాలని అప్పుడు నాకు తెలియదు.

ఆ ఆడవాళ్ళందరికీ పెద్దదిక్కు పెద్ద సిస్టరు, స్టేషను పేరుతో పిలవని ఒకే ఒక్క మనిషి. విశాఖపట్నంలో ఒక సర్కారీ ఆసుపత్రిలో హెడ్ నర్సు. ఆవిడ ఆమదాలవలసలో ఎక్కుతుంది. శ్రీకాకుళం పనులున్నవాళ్ళు చాలామంది ఆ స్టేషన్లో దిగిపోతారు కాబట్టి అక్కడ ఎక్కేవాళ్ళకి సీట్లు దొరుకుతాయి. రెండు స్టేషన్లు దాటి పొందూరు వచ్చేసరికి ఆ భాగ్యం అయిపోతుంది. పెద్ద సిస్టరుది రెండో గుమ్మం పక్కన, కుడివైపు, రైలు వెళ్ళే దిక్కుకి ముఖం పెట్టి ఉండే కిటికీ సీటు. పొద్దున్న ఎండ పడదు. సాయంత్రం కొండల వెనక పొద్దు వాలడం కనిపిస్తుంది. పైన ఫ్యాను తిరుగుతుంది. తల ఆనించుకోవడానికి ఒక మూల ఉంటుంది. మెము రాక ముందు ఇదే వేళకి పాత పాసింజరు నడిచేదట. అందులోనూ ఆవిడది అదే చోటట. రైలు మారింది, రంగు మారింది, పెట్టె మారింది, సిస్టరు సీటు మారలేదు.

నాది నాలుగో సీటు. ముగ్గురు కూర్చునే బల్ల మీద నాలుగో మనిషికి చోటివ్వడం మా దారిలో మర్యాద. ఆ మర్యాద ఒక తుంటికి సరిపోతుంది. రెండో తుంటి నడవలో గాల్లో ఉంటుంది. ఎక్కే దిగే వాళ్ళ సంచులన్నీ నా తల మీదుగా వెళతాయి. ఒకరోజు ఒక పనసపండు కూడా వెళ్ళింది.

నాకు చదవడం ఇష్టం. కథలు, నవలలు. ఈ సంగతి ఇంట్లో అమ్మకి తప్ప ఎవరికీ నా అంతట నేను చెప్పలేదు. పుస్తకానికి పేపరు అట్ట వేసి, పరీక్షల గైడులా కనిపించేలా పట్టుకుంటాను. లేకపోతే పక్కనున్నవాళ్ళు "ఏటి సదువుతన్నావమ్మా?" అని మొదలుపెడతారు. కథ అని చెబితే "ఏటి కత? సెప్పు" అంటారు. ఒకసారి తప్పించుకోలేక సగం చెప్పాను. ఆ తర్వాత వారం రోజులు, ఆ పుస్తకంలోని కోడలు అత్తవారింటికి వెళ్ళిందా లేదా అని పెట్టె మొత్తం నన్ను నిలదీసింది. వెళ్ళకూడదని చీపురుపల్లి, వెళ్ళాలని గరివిడి. రచయిత ఏమనుకున్నాడో ఎవరికీ పట్టలేదు. అందుకే నాకు ఆ కిటికీ సీటు కావాలనిపించేది. అక్కడైతే ఒకవైపు గోడ ఉంటుంది. గోడ ఏమీ అడగదు. ఆ మూలలో ఒదిగి పుస్తకం తెరిచి, నెల్లిమర్ల ఎప్పుడొచ్చిందో విజయనగరం ఎప్పుడు దాటిందో తెలియకుండా చదువుకోవాలని రెండేళ్ళపాటు డైరీలో ఎన్నిసార్లు రాసుకున్నానో నాకే తెలియదు.

ఒక రోజు నెల మొదట్లో, అందరం ఎక్కాక, పెద్ద సిస్టరు టిఫిను డబ్బా మూత పెట్టి గొంతు సవరించుకుంది.

"ఈ నెలాఖరుకి నాను రిటైరు. నాను పోయాక ఈ సీటు ఎవలిదో ఇప్పుడే తేల్చీయాలి. నేకపోతే మీరు జుట్లు పట్టుకుంతారు."

"పోయాక అంతావేటి సిస్టరూ, రిటైరయ్యాక అను," అంది గరివిడి టీచరు.

"రెండూ ఒకటే. రైలెక్కను కదా."

రిజర్వేషను లేని రైల్లో సీటు ఎవరిదీ కాదన్న సంగతి ఎవరూ ఎత్తలేదు. కోర్టులో పని చేసే టైపిస్టే ఎత్తలేదు. పైగా వారసత్వం విషయంలో అనుసరించాల్సిన పద్ధతులేమిటో చెప్పడం మొదలుపెట్టింది. సిస్టరు చెయ్యెత్తి ఆపింది.

"పద్ధతి నాను సెప్తాను. కావాలన్నోలు నా ఎదట నోరిప్పి అడగండి. నాకీ సీటు కావాలి, ఇందుకు కావాలి అని సెప్పండి. కాయితం ముక్కలు రాసి ఇవ్వడాలు, ఇంకొకలచేత సెప్పించడాలు పనికిరావు. నెలాఖరు నాడు ఎవలికిచ్చేదీ సెప్తాను."

ఆ మాటతో నా రెండు దారులూ మూసుకుపోయాయి. ఆవిడ కాగితం అనే సమయానికి నేను చీటీ ఎలా రాయాలో మనసులో అనుకుంటున్నాను.

టైపిస్టు అప్పుడే అడిగేసింది. "పొద్దల్లా టైపు కొట్టి కొట్టి నా మెడ వంకరైపోనాది సిస్టరూ. ఆ మూలకి తల ఆనిస్తే గాని తిన్నగా అవదు."

"వంకర మెడకి సీటెందుకు, పట్టీ వేయించుకో," అంది టీచరు. "సిస్టరూ, నాను రైల్లోనే పిల్లల పరీక్ష కాయితాలు దిద్దుతాను. ఎలుతురు కావాలి. ఎలుతురు నేక మొన్న ఒక గుంటడికి రావలసిన దానికన్నా పది మార్కులు ఎక్కువ పడిపోనాయి."

"అయితే ఆ గుంటడే వచ్చి నీ తరపున అడుగుతాడు, ఉండు," అంది టైపిస్టు.

ఆ రోజు నుంచి ప్రచారం మొదలైంది. టైపిస్టు ఒక రోజు పనస తొనలు తెస్తే మర్నాడు టీచరు ఉడకబెట్టిన వేరుశెనక్కాయలు తెచ్చేది. సిస్టరు రెండు పార్టీల దగ్గరా తిని, చెయ్యి తుడుచుకుని, ఎవరికీ మాట ఇవ్వని ఓటరులా కిటికీకి తల ఆనించి నిద్రపోయేది.

నేను డైరీ తీశాను. అడగాల్సిన వాక్యాన్ని రాత్రి భోజనమయ్యాక కూర్చుని రాశాను. మొదటిసారి రాసినదాన్లో 'వాతాయనం' అన్న మాట వచ్చింది. కొట్టేశాను. రెండోది మూడు వాక్యాలైంది, అడిగే లోపల రైలు కొత్తవలస చేరిపోయేలా ఉంది. మూడోది బాగుంది: 'సిస్టరు గారూ, మీ సీటు కావాలి, చదువుకోవడానికి.' ఆరు మాటలు. అద్దం ముందు నిలబడి పదిసార్లు చెప్పాను. పదకొండోసారి చెబుతుంటే అమ్మ వెనక నిలబడి ఉంది.

"ఆవిడనడగవలసింది అద్దాన్ని అడుగుతావేటే," అంది అమ్మ. "అడిగితే ఏటవుతాది? కాదంతాది. కాదంతే నాలుగో సీటే కదా. ఇప్పుడు కూకుంతన్నదీ అక్కడే కదా."

అమ్మ మాటలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. మర్నాడు రైలెక్కి నేరుగా సిస్టరు ముందుకి వెళ్ళాను.

"సిస్టరు గారూ."

"ఏటమ్మా?"

పెట్టె మొత్తం నా వైపు తిరిగింది. నా అంతట నేను నోరు తెరవడం వాళ్ళు అప్పటిదాకా చూడలేదు. ఆరు మాటల్లో మొదటి రెండూ అయిపోయాయి, మిగతా నాలుగూ ఎటు పోయాయో తెలియదు. కిందికి చూశాను. ఆవిడ చెప్పులు కనిపించాయి.

"మీ చెప్పు తెగిపోయేలా ఉంది," అన్నాను.

ఆవిడ చెప్పు విప్పి చూసుకుంది. పక్కావిడ తీసుకుని చూసింది. అది చేతులు మారుతూ గరివిడి టీచరు దాకా వెళ్ళింది. టీచరు కళ్ళజోడు పైకి తోసి, చెప్పుని వెలుతురులోకి ఎత్తి పరీక్షించింది.

"నిజమే సిస్టరూ, లోపల కుట్టు ఊడతన్నాది. కళ్ళాసుపత్రిలో పని సేస్తాది కదా, సూపంటే దానిదే సూపు."

రెండోసారి విజయనగరం స్టేషన్లో అడుగుదామనుకున్నాను. అక్కడ సగం పెట్టె దిగుతుంది, సగం పెట్టె ఎక్కుతుంది, ఆ గోలలో ఇంకెవరికీ వినిపించదు. అలాగే జరిగింది. ఎవరికీ వినిపించలేదు, సిస్టరుకి కూడా. "ఏటమ్మా?" అని ఆవిడ చెవి దగ్గరికి తెచ్చింది. ఏమీ లేదన్నాను.

మూడోసారి రైలు గొట్లాంలో ఎక్స్‌ప్రెసుకి దారివ్వడానికి ఆగింది. మెము ఆగితే చప్పుడన్నదే ఉండదు. పొలాల్లో కొంగ అడుగేస్తే వినిపించేటంత నిశ్శబ్దం. ఇప్పుడు అడిగితే తప్పకుండా వినిపిస్తుందనుకుని నోరు తెరిచాను. అందరూ చూశారు.

"ఇది ఏ స్టేషను?" అన్నాను.

సిస్టరు చాలా మెత్తగా అడిగింది. "రెండేళ్ళ బట్టి రోజూ ఇదే దారిని ఎల్తన్నావు కదా తల్లీ. మీ ఆసుపత్రిలో ఒకసారి సూపించుకోరాదా?"

ఆ రాత్రి డైరీలో ఒకటే వాక్యం రాశాను: 'అది గొట్లాం.'

నెలాఖరు వచ్చింది. టైపిస్టు దస్తావేజు తయారు చేశానని ముందు రోజే చెప్పింది. మామూలు తెల్ల కాగితం మీదే గాని, భాష మాత్రం అచ్చం భూమి కాగితం భాష. హద్దులు కూడా రాసింది. తూర్పున నడవ, పడమట కిటికీ, ఉత్తరాన సీటు వీపు, దక్షిణాన ఎదుటివారి మోకాళ్ళు. పుచ్చుకునేవారి పేరు దగ్గర ఖాళీ వదిలింది. అక్కడ తన పేరే వస్తుందనడంలో ఆవిడకి అనుమానం లేదు. టీచరుకీ తన పేరు మీద అంతే నమ్మకం. నా పేరు రాదనడంలో నాకూ అనుమానం లేదు. ఆ ఉదయం పొందూరు ప్లాట్‌ఫారం మీద నిలబడి, ఇవాళ అడగకపోతే ఇంకెప్పుడూ అడగలేనని, ఇవాళా అడగలేనని తెలిసి కూడా, ఆరు మాటల్నీ వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటున్నాను.

అప్పుడు రైలొచ్చింది. అది మా రైలు కాదు. నిగనిగలాడుతూ, రేకంతా కొత్త రంగుతో, అద్దాల్లో మా ముఖాలు మాకే కనిపించేలా ఉంది. ప్లాట్‌ఫారం మీదున్నవాళ్ళం ఒకళ్ళ ముఖాలొకళ్ళం చూసుకున్నాం. "మనదేనా?" "మనదైతే ఇలగెందుకుంతాది?" అంటూ ఎవరూ కదల్లేదు. ఆగేది ఒక్క నిమిషం. గుమ్మంలోంచి పెద్ద సిస్టరు తల బయటపెట్టి కేక వేసింది. "బేగి ఎక్కండి. మనదే. మార్సీసారు."

లోపల బల్లలు లేవు. అంటే ఎదురెదురుగా ఉండే మా బల్లలు లేవు. గోడ పొడుగునా రెండు వైపులా రెండే రెండు పొడవాటి సీట్లు, కిటికీలు వీపుల వెనక, మధ్యలో నిలబడ్డానికి బోలెడంత జాగా, పట్టుకోవడానికి మెరిసే నిలువు గొట్టాలు. కిటికీ పక్క సీటు అన్నదే ఆ పెట్టెలో లేదు. అన్నీ కిటికీ కింద సీట్లే. పెద్ద సిస్టరు ఆ పొడవాటి సీటు మధ్యలో, ఒళ్ళో సంచీ పెట్టుకుని, ఆసుపత్రిలో డాక్టరు పిలుపు కోసం కూర్చున్న రోగిలా కూర్చుంది.

చీపురుపల్లిలో టైపిస్టు బంతిపూల దండతో, దస్తావేజుతో ఎక్కింది. ఎక్కి, చుట్టూ చూసి, మళ్ళీ దిగబోయింది. వెనకున్నవాళ్ళు లోపలికి తోశారు. గరివిడిలో టీచరు పళ్ళెంలో పసుపు, కుంకుమ, జాకెట్టు ముక్క, డబ్బా నిండా మిఠాయిలతో ఎక్కింది.

"సీటేదే?" అంది టీచరు.

"అదే ఎతుకుతన్నాం," అంది టైపిస్టు.

"కొలవండి. రైలు కొత్తదైతే ఏటి, గుమ్మం గుమ్మమే కదా. పాతదాన్లో రెండో గుమ్మం కాడ నుంచి సిస్టరు సీటుకి పదకొండు జానలు. నాను మా పిల్లలకి కొలతలు సెప్పినప్పుడు కొలిసి సూసుకున్నాను."

ఇంతకాలం ఆ సీటు మీద ఆవిడ కన్ను ఎంత శ్రద్ధగా ఉందో అప్పుడు తెలిసింది. టీచరు చీర కుచ్చిళ్ళు బొడ్లో దోపుకుని, రెండో గుమ్మం దగ్గర వంగి, జానతో నేల కొలుస్తూ బయల్దేరింది. కూర్చున్నవాళ్ళు కాళ్ళు పైకెత్తి దారిచ్చారు. తొమ్మిది, పది, పదకొండు. పదకొండో జాన దగ్గర ఒక నిలువు గొట్టం ఉంది.

"ఇదే," అంది టీచరు, గొట్టాన్ని పట్టుకుని లేస్తూ.

"ఇది గొట్టం," అంది టైపిస్టు.

"లెక్క ప్రకారం ఇదే. నాను సేసేదేటి?"

తెచ్చిన పసుపూ కుంకుమా వెనక్కి తీసుకెళ్ళకూడదు కాబట్టి టీచరు గొట్టానికి బొట్టు పెట్టింది. టైపిస్టు చేతిలోని దండని కాసేపు దానికి తగిలించింది. ఈలోగా నెల్లిమర్ల వచ్చింది. అక్కడ ఎక్కిన ఒక పెద్దావిడ బొట్టుతో, దండతో ఉన్న గొట్టాన్ని చూసి, చెప్పులు విడిచి, దణ్ణం పెట్టుకుని, కుంకుమ తీసి కళ్ళకద్దుకుంది. ఆవిడ వెనకున్న ఇద్దరూ అలాగే చేశారు. కొత్త రైలుకి పూజ కాబోలనుకున్నారు. ఎవరం కాదనలేదు. పెద్ద సిస్టరు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"సరే, ఇప్పుడు తేల్సండి. గొట్టం ఎవలికి కావాలి?"

"నాకొద్దు సిస్టరూ," అంది టైపిస్టు. "గొట్టాన్ని నానేటి సేసుకోను? మెడకి కట్టుకోనా?" అంటూనే ఆవిడ అప్పటికే గుమ్మం పక్కన, గాజు పలక ఉన్న మంచి మూల చూసుకుని కూర్చుంది. టీచరు కూడా తన దరఖాస్తు వెనక్కి తీసుకుంటున్నానని చెప్పి, దీపం కింద చోటు వెతుక్కుంది.

"అయితే ఎవలికీ అక్కర్నేదన్నమాట," అంది సిస్టరు.

నవ్వుతూనే అంది. కానీ అన్నాక అలవాటుగా కిటికీ వైపు తల వాల్చబోయింది. అక్కడ కిటికీ లేదు, పక్కావిడ భుజం ఉంది. సిస్టరు తల తిన్నగా పెట్టుకుని, మెడ తిప్పి వెనకనున్న అద్దంలోంచి కొండల్ని చూడాలని చూసింది. మెడ అంత తిరగలేదు. మళ్ళీ ముందుకి తిరిగి ఒళ్ళో ఉన్న సంచీ తాళ్ళు సర్దుకుంది.

నేను గొట్టం పట్టుకుని నిలబడి ఉన్నాను. చేతికి కుంకుమ అంటింది.

"నాకు కావాలి," అన్నాను.

నాకు వినిపించింది. అంటే బయటికే అన్నాను.

"ఏటి కావాలమ్మా?" అంది సిస్టరు, మళ్ళీ చెప్పు గురించేమోనని కాళ్ళకేసి చూసుకుంటూ.

"మీ సీటు."

"ఏ సీటే?"

"మీదే. పాతది."

"అది నేదు కదే."

"తెలుసు."

"నేని సీటుని ఏటి సేసుకుంతావు?"

"చదువుకుంటాను. కిటికీ పక్కన కూర్చుని కథల పుస్తకాలు చదువుకోవాలని రెండేళ్ళ నుంచి ఉంది. అడగాలని నెల నుంచి చూస్తున్నాను. చెప్పు సంగతి కాదు నేనడగాలనుకున్నది. అది గొట్లామని నాకు తెలుసు."

సిస్టరు నన్ను ఎగాదిగా చూసింది. "ఓలమ్మ. ఇంత మాట కడుపులో ఎట్టుకుని నాలుగో సీట్లో కూకున్నావేటే? ఆ మాట అప్పుడే సెప్తే నాను ఈల్ల శెనక్కాయలు అన్ని తిందునా?"

"తిందువు," అంది టీచరు.

టైపిస్టుకి దస్తావేజు వృథా కాలేదన్న సంతోషం వచ్చింది. పెన్ను తీసింది. పేరు దగ్గర ఆగింది. "నీ పేరేటి?" అంది. రెండేళ్ళలో అడగడం అదే మొదటిసారి. నేను చెప్పేలోగా పెట్టెలోంచి నలుగురు ఒకేసారి "పొందూరు పిల్ల" అన్నారు. ఆవిడ అదే రాసింది. హద్దులు మాత్రం మార్చనంది, మార్చాలంటే మళ్ళీ టైపు చెయ్యాలట. దండ సిస్టరు మెడలో వేశాం. జాకెట్టు ముక్క ఆవిడ చేతిలో పెట్టాం. విశాఖపట్నంలో దిగేముందు సిస్టరు నా చేతిలో ఆ కాగితం పెట్టి, "గట్టిగా అడుగు తల్లీ, ఏదైనా," అంది. నేను తల ఊపాను. ఒక్క రోజుకి అంతకన్నా ఎక్కువ మాటలు రావు నాకు.

కొత్త రైలు మాకు ఇంకో రెండు రోజులు కనిపించింది. మూడో రోజు పొందూరులో మా పాత మెము వచ్చి ఆగింది. కొత్తది ఇంకో దారిలోకి వెళ్ళిందని కొందరు, మళ్ళీ వస్తుందని కొందరు అన్నారు. నాకు అవేవీ సరిగ్గా వినిపించలేదు. రెండో గుమ్మంలోంచి ఎక్కి చూశాను. సీటుంది. కిటికీ ఉంది. సీట్లో ఒకావిడ కూడా ఉంది.

పలాస వైపు నుంచి వస్తోంది, కాళ్ళ దగ్గర జీడిపప్పు డబ్బా. ముఖమంతా చీర చెంగు కప్పుకుని కూర్చుంది. నన్ను ఎరగదు, సిస్టరునీ ఎరగదు, మా ఒప్పందమూ ఎరగదు. నా తరపున మాట్లాడడానికి టైపిస్టు ఎక్కేది ఇంకో మూడు స్టేషన్ల తర్వాత. అంతదాకా ఆగుదామా అనుకున్నాను. నడవలో నిలబడి ఆరు మాటలు లెక్కపెట్టుకోబోతే అవి ఈవిడకి పనికొచ్చే మాటలు కావు. వేరే మాటలు లేవు. రైలు కదిలింది.

"అమ్మా, ఆ కిటికీ సీటు నాకిస్తారా?"

ఆవిడ చెంగు తీసి నన్ను చూసింది. వెంటనే లేచి నిలబడింది.

"కూకో తల్లీ, కూకో. ఈ గాలికి నా సెవి పోటెత్తిపోతన్నాది. ఆమదాలొలస కాడ నుంచి ఎవలైనా అడుగుతారేటా అని సూస్తన్నాను. ఒక్కలడగరు."

కూర్చున్నాను. మూలకి ఒదిగాను. ఒక పక్క గోడ. సంచీలోంచి పుస్తకం తీసి, పేపరు అట్ట విప్పేసి, ముప్పై రెండో పేజీ తెరిచాను. గాలి వచ్చి నలభై ఎనిమిదో పేజీ తెరిచింది. వెనక్కి తిప్పాను. గాలి ఈసారి చివరి పేజీ చూపించబోయింది, అదృష్టం కొద్దీ జుట్టు కళ్ళలో పడి చదవలేకపోయాను. కిటికీ తలుపు దించుదామని పట్టుకుంటే అది సగంలో ఆగకుండా మోచేతి మీద పడింది. అది నిలబడడానికి సిస్టరు ఏదో కట్టు కట్టేదట, దాన్ని తనతో తీసుకెళ్ళిపోయింది. దించితే చీకటి, ఎత్తితే తుఫాను. సిగడాం వచ్చేసరికి రెండు వాక్యాలు చదివాను, అవి కూడా ఒకే పేజీవి కావు.

సిస్టరు అంతకాలం ఆ సీట్లో ఎలా కూర్చుందో ఆలోచిస్తే గుర్తొచ్చింది. ఆవిడ చదివేది కాదు, నిద్రపోయేది. ఇద్దరికీ ఒకే సీటు కుదురుతుందని అనుకోవడం నాదే పొరపాటు.

నా పక్కన మధ్య సీట్లో ఒక కాలేజీ అమ్మాయి ఫోను కిటికీ వైపు పెట్టి, నా ముక్కు ముందు నుంచి కొండల్ని వీడియో తీస్తోంది. ఆ సీట్లో గాలి అంత లేదు. వెలుతురుంది. రెండు పక్కలా మనుషులే గానీ, ఇద్దరూ తమ పనిలో ఉన్నారు. "చెల్లీ, నువ్విటు వస్తావా? నేను మధ్యలో కూర్చుంటాను," అన్నాను. ఈసారి మాటలు లెక్కపెట్టలేదు. ఆ పిల్ల నేను పూర్తిచేసేలోగానే కిటికీ దగ్గరికి జరిగిపోయింది.

చీపురుపల్లిలో టైపిస్టు ఎక్కింది. పాత పెట్టెని చూసి సంతోషంగా లోపలికి వచ్చి, కిటికీ సీట్లో ఎవరో కొత్త పిల్లని చూసి, మధ్య సీట్లో ఒడి మీద పుస్తకం తెరుచుకుని ఉన్న నన్ను చూసి, అక్కడే నిలబడిపోయింది.

"ఒసే పొందూరూ, నీ సీట్లో అదెవలే?"

"నేనే ఇచ్చాను."

"కాయితం సేతికొచ్చి వారం కానేదు, అప్పుడే పరాయిలకి రాసిచ్చీసావేటి? ఎందుకే?"

"గాలి. పేజీలు నిలబడడం లేదు."

"అయితే నాకియ్యొచ్చు కదా. నా మెడ సంగతి నీకు తెలీదేటి? నా మెడ సంగతి తెలీనిది ఈ రైల్లో ఎవలు?"

"మీరు అడగలేదు కదా," అన్నాను పేజీ తిప్పుతూ.

ఎదుటి బల్ల మీదున్నవాళ్ళు గొల్లుమన్నారు. బల్ల చివర కూర్చున్న జీడిపప్పు డబ్బా ఆవిడ ఏమీ తెలియకపోయినా అందరితో కలిసి నవ్వింది. టైపిస్టు మమ్మల్ని కొంచెం జరగమని సైగ చేసి నాలుగో సీట్లో ఒక తుంటి ఆనించి కూర్చుంది. ఆ మాట అన్నది నేనేనని నమ్మడానికి నాకు గరివిడి దాకా పట్టింది.